గోదారి గాలికి దాహం వెయ్యదు

మే నెలలో రాజమండ్రి నుంచి అమలాపురం వైపు ఏ పెళ్ళికో వెళ్ళొచ్చినవాళ్ళకి ఈ తేడా ఒంటికే తెలుస్తుంది. రాజమండ్రిలో పడమటి గాలి వీచే రోజున ఎండ నడినెత్తి మాడ్చేస్తుంది గానీ, ఏ చింతచెట్టు నీడకో చేరి కాసేపు కూర్చుంటే చెమట ఆరి ప్రాణం కుదుటపడుతుంది. గౌతమి మీద వంతెన దాటి రావులపాలెంలో దిగి, ఇంకా కిందికి సముద్రం వైపు వెళ్ళేకొద్దీ ఎండ నాలుగైదు డిగ్రీలు తగ్గుతుంది, కానీ కొబ్బరిచెట్ల నీడలో కూర్చున్నా చొక్కా వీపుకి అతుక్కుపోయే ఉంటుంది, చెమట ఆరనే ఆరదు. రాజమండ్రిలో హాయిగా పనిచేసిన ఎయిర్ కూలర్‌ని తెచ్చి అంబాజీపేటలో పెడితే గది చల్లబడటం అటుంచి పక్కబట్టలు చెమ్మగిల్లుతాయి. డెల్టాలో పాలీహౌస్ (ప్లాస్టిక్ షీటు కప్పి లోపల పంట పెంచే ఇల్లు) కట్టాలనుకునే రైతు ముందు తేల్చుకోవాల్సింది ఈ సంగతే. లక్షల రూపాయల లెక్క దీని మీదే నిలబడి ఉంది, అయినా అమ్మేవాళ్ళు దీని ఊసే ఎత్తడం లేదు.

నేను దీని వెంట పడటానికి కారణం మా బావమరిది. వాడికి రావులపాలెం దగ్గర అరటి వేసే చేలో ఒక మూల పాతిక సెంట్లు మెరక నేల ఉంది. ఆస్ట్రేలియా ఎడారిలో సోలార్‌తో నడిచే పెద్ద గ్రీన్‌హౌస్‌లో టమాటాలు గుత్తులు గుత్తులుగా వేలాడే వీడియో చూశాడు. ఆ తర్వాత ఒక కంపెనీ మనిషి వచ్చి ఫ్యాన్ అండ్ ప్యాడ్ పాలీహౌస్, దాని పక్కనే సోలార్ పలకలు, అన్నీ కలిపి కొటేషన్ ఇచ్చి వెళ్ళాడు. సగం సబ్సిడీ వస్తుందని కూడా చెప్పాడట. "ఎడారిలోనే పండిస్తుంటే గోదారి ఒడ్డున పండదా బావా?" అని వాడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే ముందు ప్లాస్టిక్ కప్పు కింద వేడి ఎందుకు పుడుతుందో, దాన్ని ఎలా బయటికి పంపుతారో చూడాలి.

ఎండలో అద్దాలు మూసి నిలబెట్టిన కారు మనందరికీ తెలిసిందే. లోపలికి వెలుగు వస్తుంది, సీట్లకి తగిలి వేడిగా మారుతుంది, ఆ వేడిగాలి బయటికి పోయే దారి ఉండదు. పాలీహౌస్‌లోనూ అంతే. నడి వేసవి మధ్యాహ్నం చదరపు మీటరు మీద దాదాపు 1 కిలోవాట్ ఎండ పడుతుంది. పాతిక సెంట్లంటే సుమారు 1000 చదరపు మీటర్లు, అంటే ఆ కప్పు మీద 1000 కిలోవాట్లు పడుతున్నట్టు. అందులో 700 దాకా ప్లాస్టిక్ షీటు దాటి లోపలికి వస్తుందనుకుందాం. చేను ఏపుగా ఉండి, నీళ్ళు బాగా పెడుతుంటే మొక్కలే ఆకుల ద్వారా నీటిని ఆవిరి చేస్తూ అందులో సగం దాకా మింగేస్తాయి. మిగిలిన 350 కిలోవాట్ల వేడిని మనం బయటికి తోలాలి. ఒకటిన్నర టన్నుల ఏసీ తీసేసే వేడి 5 కిలోవాట్ల పైచిలుకు, కాబట్టి ఆ పాతిక సెంట్లకి ఏసీలు 60కి పైగా కావాలి. వాటిని సోలార్‌తో నడపాలంటే 100 కిలోవాట్ల పలకలు కావాలి, వాటికి మళ్ళీ పన్నెండు సెంట్ల జాగా కావాలి. పాతిక సెంట్ల టమాటా తోట ఇంత ఖర్చుని ఏ జన్మలోనూ మొయ్యలేదు. అందుకే వేడి ప్రాంతాల్లో గ్రీన్‌హౌస్‌లని మామూలుగా ఏసీలతో చల్లబరచరు, నీటిని ఆవిరి చేసి చల్లబరుస్తారు.

ఇది మన కుండ చేసే పనే. లీటరు నీరు ఆవిరైపోవాలంటే చుట్టుపక్కల నుంచి దాదాపు 0.7 యూనిట్ల వేడిని లాక్కోవాలి, కరెంటు మీటరులో తిరిగే ఆ యూనిట్లే. గంటకి 500 లీటర్ల నీరు ఆవిరి చేయగలిగితే పైన చెప్పిన 350 కిలోవాట్లూ తీరిపోతాయి, దానికి ఖర్చయ్యే కరెంటు చాలా తక్కువ. పాలీహౌస్‌లో ఒక పక్క గోడంతా తేనెపట్టులా గదులున్న అట్ట ప్యాడ్‌లు పెట్టి వాటి మీద నీళ్ళు పారిస్తారు, ఎదురు గోడకి పెద్ద ఫ్యాన్లు పెట్టి గాలిని బయటికి లాగుతారు. బయటి గాలి ఆ తడి ప్యాడ్ గుండా దూరి చల్లబడి లోపలికి వస్తుంది. ఫ్యాన్ అండ్ ప్యాడ్ అంటే అంతే, ఇంటి కూలర్‌ని ఇల్లంత చేసినట్టు.

కాకపోతే కుండలో నీళ్ళు ఎంత చల్లబడతాయన్నది కుండ చేతుల్లో లేదు, గాలి చేతుల్లో ఉంది. పొడిగాలికి దాహం ఎక్కువ, తడి కనబడితే చాలు పీల్చేస్తుంది. అప్పటికే ఆవిరితో నిండి ఉన్న గాలికి దాహం ఉండదు, నువ్వు ఎన్ని నీళ్ళు పెట్టినా అది తాగదు. తాగని గాలి చల్లబడదు. ఈ దాహాన్ని కొలవడానికి శాస్త్రవేత్తలు ఎప్పటి నుంచో వాడే పద్ధతి చాలా సులువు: థర్మామీటరు గుండుకి తడిగుడ్డ చుట్టి గాలి తగలనిస్తే అది ఎంత దాకా దిగుతుందో చూడటం. దాన్ని తడి ఉష్ణోగ్రత అనుకుందాం. నీటి ఆవిరితో గాలిని అంతకంటే కిందికి దించడం ఎవరివల్లా కాదు, ఎంత ఖరీదైన ప్యాడ్ వల్లా కాదు. మంచి ప్యాడ్ కూడా మామూలుగా ఆ తేడాలో 80 శాతం దాకానే దించగలదు.

ఇప్పుడు రెండు మధ్యాహ్నాలు పక్కపక్కన పెట్టి చూద్దాం. ఎడారిలాంటి చోట 42 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 20 శాతం. అక్కడ తడి ఉష్ణోగ్రత 24 దగ్గర ఉంటుంది. తేడా 18 డిగ్రీలు, అందులో 80 శాతం తీస్తే ప్యాడ్ దాటిన గాలి 28 డిగ్రీలకి వస్తుంది. 42 నుంచి 28కి! కోనసీమలో సముద్రపు గాలి తిరిగిన మధ్యాహ్నం 36 డిగ్రీలు, తేమ 65 శాతం అనుకుంటే తడి ఉష్ణోగ్రత 30 దాటి ఉంటుంది. తేడా 6 కూడా లేదు. ప్యాడ్ దాటిన గాలి 31 దాకా దిగుతుంది. అది ఆ చివరి ఫ్యాను చేరేలోపు లోపలి వేడిని పట్టుకుంటూ వెళ్తుంది, పైన షేడ్‌నెట్ (నీడనిచ్చే వల) వేసినా దారిలో 4 డిగ్రీల దాకా పెరుగుతుంది. ఫ్యాన్ల పక్కనున్న మొక్కల దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ 35. బయట ఎంతో లోపలా దాదాపు అంతే. ఇంత ఖర్చూ పెట్టి బయటి ఎండకి తిరిగి చేరుకున్నట్టు.

నష్టం అక్కడితో ఆగితే బాగుండేది. ప్యాడ్ దాటి వచ్చిన ఆ గాలిలో తేమ 90 శాతం పైనే ఉంటుంది. మొక్క కూడా ఒక కుండే, దాని ఆకుల నుంచి నీరు ఆవిరవుతుంటేనే అది తనని తాను చల్లబరుచుకుంటుంది, వేళ్ళ నుంచి పోషకాలని పైకి లాక్కుంటుంది. చుట్టూ దాహం లేని గాలి ఉంటే ఆ లాగుడు బాగా తగ్గిపోతుంది. టమాటాకి అడుగు నల్లబడి కుళ్ళడం చాలామంది చూసే ఉంటారు. భూమిలో కాల్షియం ఉన్నా అది కాయ దాకా ఎక్కకపోతే ఆ జబ్బు వస్తుంది, ఎక్కకపోవడానికి ఒక కారణం ఈ నీటి ప్రయాణం సరిగ్గా సాగకపోవడం. పైగా ఆకుల మీద తడి ఆరకపోతే బూజు తెగుళ్ళకి పండగే, మందుల ఖర్చు నెత్తిన పడుతుంది. కాబట్టి తేమ ఎక్కువున్న రోజున ప్యాడ్ మీద నీళ్ళు వదిలితే చల్లదనం రాకపోగా మొక్క సొంతంగా చల్లబడే దారి కూడా మూసేసినవాళ్ళమవుతాం. దీన్ని నేను గట్టిగానే చెప్తున్నా, ఎందుకంటే వేడి పెరిగిన కొద్దీ ఫాగర్లు (నీటిని పొగమంచులా చల్లేవి) ఇంకా ఎక్కువసేపు వెయ్యమని సలహా ఇచ్చేవాళ్ళు ఉన్నారు. డెల్టాలో ఆ సలహా చేనుని ముంచుతుంది.

మా బావమరిది చూసిన వీడియో దక్షిణ ఆస్ట్రేలియాలోని పోర్ట్ అగస్టాది. సన్‌డ్రాప్ ఫార్మ్స్ వాళ్ళు 2016లో అక్కడ 20 హెక్టార్ల గ్రీన్‌హౌస్ మొదలుపెట్టారు. 20 వేలకి పైగా అద్దాలు ఎండని ఒక ఎత్తైన టవర్ మీదికి తిప్పేలా, ఆ వేడితో సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసేలా, కరెంటూ తీసేలా దాన్ని కట్టారు. దీనికి ముందు 1990ల్లోనే చార్లీ పేటన్ అనే ఆంగ్లేయుడు టెనరీఫ్ దీవిలో సముద్రపు నీటితో గ్రీన్‌హౌస్ కట్టి చూపించాడు, తర్వాత అబుదాబిలో, ఒమన్‌లో కట్టారు. ఇవన్నీ గొప్ప ప్రయత్నాలే, నాకు వాటి మీద గౌరవం ఉంది. కానీ ఆ చోట్లలో పోర్ట్ అగస్టాని చూడండి: ఎండాకాలంలో లోపలి ఎడారి మీదుగా వచ్చే పొడిగాలి, పక్కనే సముద్రం. గాలికి ఆకలిదప్పులు ఉన్నాయి, నీళ్ళు పక్కనే ఉన్నాయి. వాళ్ళ విజయానికి సోలార్ టవర్ ఎంత కారణమో ఆ పొడిగాలీ అంతే కారణం. వీడియోలో టవర్ కనిపిస్తుంది, గాలి కనిపించదు.

మనకి ఇటు చూస్తే పేచీ ఇదే. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసినప్పటి నుంచి నీటికి పెద్దగా కొదవలేని నేల ఇది (వేసవిలో కాలువలు కట్టేసినా బోరు ఆదుకుంటుంది, అంతర్వేది వైపు ఉప్పుబోర్లు వేరే సంగతి). నీళ్ళున్నాయి, గాలికి దాహం లేదు. అనంతపురం వెళ్తే గాలి దాహంతో అల్లాడుతుంటుంది, తాపడానికి నీళ్ళు లేవు.

అయితే డెల్టాకి ఒకే గాలి లేదు, రెండు ఉన్నాయి. ఈ ముక్క చెప్పకపోతే నేను సగమే చెప్పినట్టు. వేసవిలో సముద్రపు గాలి వేళకి తిరిగితే ఉక్కపోత. అది రాకుండా పడమటి గాలి పగలంతా పైచేయిగా ఉంటే వడగాడ్పు, ఆ రోజు రాజమండ్రి, కడియం వైపు 44, 45 కూడా చూస్తాం, గాలి ఎండుటాకులా ఉంటుంది. ఆ రోజుల్లో ప్యాడ్ అద్భుతంగా పనిచేస్తుంది. కాబట్టి ప్రశ్న "ప్యాడ్ మంచిదా చెడ్డదా" అని అడిగితే లాభం లేదు. మీ చేలో, మీకు పంట ఉండే నెలల్లో, దాహం వేసిన రోజులు ఎన్ని, వెయ్యని రోజులు ఎన్ని, అదీ అడగాల్సింది. కడియపులంకలో వచ్చే లెక్క వేరు, సముద్రానికి ఇంకా దగ్గరున్న అల్లవరంలో వచ్చే లెక్క వేరు.

దీన్ని కొలవడానికి ఏ కన్సల్టెంటూ అక్కర్లేదు. రెండు మామూలు థర్మామీటర్లు కొనండి, ఒకదాని గుండుకి పల్చని నూలుగుడ్డ చుట్టి దాని కొస చిన్న గిన్నెలో నీళ్ళలో వదలండి. రెంటినీ చేలో నీడపట్టున వేలాడదీసి, మధ్యాహ్నం రెండింటికి విసనకర్రతో రెండు మూడు నిమిషాలు విసిరి రెండు అంకెలూ పుస్తకంలో రాయండి. ఒక వేసవంతా రాయండి. తేడా 6 డిగ్రీల లోపున్న రోజులు ఎక్కువైతే ప్యాడ్ ఖర్చు దండగ. 10 దాటిన రోజులు ఎక్కువైతే ఆలోచించొచ్చు. రెండు థర్మామీటర్ల ఖర్చు ఎంతని? మహా అయితే ఐదారు వందలు.

సోలార్ సంగతికొస్తే, ఇది నిజంగా సంతోషించాల్సిన భాగం. ఎండ ఎప్పుడు ఎక్కువో వేడీ అప్పుడే ఎక్కువ, పలకల నుంచి కరెంటూ అప్పుడే ఎక్కువ. అవసరమూ సరఫరా ఇలా ఒకే వేళకి కలవడం వ్యవసాయంలో అరుదు. పాతిక సెంట్ల పాలీహౌస్‌లో గాలిని ఒకటి రెండు నిమిషాలకో సారి మార్చాలంటే ఒకటిన్నర హార్స్‌పవర్ పెద్ద ఫ్యాన్లు నాలుగు చాలు, వాటికీ చిన్న పంపుకీ కలిపి 5 కిలోవాట్లు. పలకలు మాత్రం 5 కిలోవాట్లవి కొంటే సరిపోవు, ఎందుకంటే వాటి మీద రాసి ఉండే సామర్థ్యం 25 డిగ్రీల దగ్గర కొలిచింది. మే ఎండలో పలక 60 డిగ్రీలు దాటి కాలిపోతుంటుంది, ఒక్కో డిగ్రీకి 0.4 శాతం దాకా కరెంటు తగ్గుతుంది, అలా 15 శాతం దాకా పోతుంది. దుమ్ము పట్టితే ఇంకాస్త. కాబట్టి 7 కిలోవాట్లు పెట్టుకోవాలి, దానికి సెంటు జాగా సరిపోతుంది. ఏసీలకి పన్నెండు సెంట్లన్నది గుర్తుందిగా, ఇక్కడ సెంటుతో అయిపోయింది. ఫ్యాన్లకి వేగం మార్చే డ్రైవ్ పెట్టించుకుంటే ఇంకో లాభం ఉంది. ఫ్యాను తినే కరెంటు దాని వేగానికి ఘనంతో పెరుగుతుంది, తగ్గేటప్పుడూ అంతే, కాబట్టి మబ్బు పట్టి కరెంటు సగానికి పడిపోయినా ఫ్యాను వేగం ఐదో వంతే తగ్గుతుంది. బ్యాటరీ లేకుండానే పగటి పని సాగిపోతుంది. పలకలని పాలీహౌస్ కప్పు మీదే పెట్టేద్దామనుకోకండి, వాటి నీడ చేను మీద చారలు చారలుగా పడి ఒక వరుస ఏపుగా, ఒక వరుస గిడసబారి పెరుగుతుంది. గట్టు మీదో పాక మీదో పెట్టుకోండి.

ఇక ప్యాడ్ లేకుండా వేడిని ఎలా తగ్గించాలి? లోపలికి వచ్చాక తోలడం కంటే రాకుండా ఆపడం చవక. ఎండలో సగం దాకా కంటికి కనిపించని కిరణాలే, మొక్క ఆహారం చేసుకోవడానికి అవి పనికిరావు, వేడి మాత్రం చేస్తాయి. వాటిని వెనక్కి కొట్టే షీట్లు వస్తున్నాయి, ఖరీదు ఎక్కువ. మన తాహతుకి తగ్గది కదిలే షేడ్‌నెట్, పదకొండింటికి లాగి నాలుగింటికి తీసేసేది. వానాకాలం మబ్బుల్లో పూర్తిగా తీసేయాలి, బిగించి వదిలేసిన నెట్ వల్ల మొక్క సన్నగా సాగిపోతుంది. కప్పు మీద సున్నం కొట్టడం పాత పద్ధతే, వానకి కడుక్కుపోతుంది, మనకి కావాల్సిందీ అదే. నెట్‌ని ప్లాస్టిక్ షీటు పైన, బయట కడితే వేడి బయటే ఆగుతుంది. లోపల కడితే వేడి లోపలికి వచ్చాక నెట్ కాగుతుంది. చాలా చోట్ల లోపలే కడుతున్నారు.

రెండోది గాలి. వేడిగాలి పైకి పోతుంది కాబట్టి కప్పు నడినెత్తిన తెరిచి ఉంచి, పక్కలు వదిలేస్తే ఫ్యాను లేకుండానే పొగగొట్టంలా లాగుతుంది. ఎత్తు ఎంత ఎక్కువుంటే అంత బాగా లాగుతుంది, ఆరు మీటర్లు దాటితే మేలు. ఇక్కడే కోనసీమ రైతు గుండె ఆగుతుంది. 1996 నవంబరు తుపాను చూసినవాళ్ళెవరూ ఆరు మీటర్ల ప్లాస్టిక్ గోడ కట్టి ధైర్యంగా నిద్రపోలేరు, కొబ్బరిచెట్లనే వేళ్ళతో పీకేసిన గాలి అది. అందుకని ఎత్తు కావాలి గానీ, హెచ్చరిక రాగానే గంటలో షీటు చుట్టేసి తీసేసేలా క్లిప్పులుండాలి, పైపుల అడుగున కాంక్రీటు లోతుగా ఉండాలి. షీటు మళ్ళీ కొనుక్కోవచ్చు, చట్రం వంగితే కోలుకోలేం. తెల్లదోమని ఆపే సన్నటి వల గాలిని కూడా చాలా ఆపేస్తుంది, దానికి బదులుగా పక్క కిటికీల వైశాల్యం పెంచుకోవాలి.

మూడోది పంట. టమాటాకి రాత్రి వేడి 24 దాటితే పూత రాలిపోయి పిందె కట్టడం తగ్గిపోతుంది. మే నెలలో డెల్టా రాత్రులు 27, 28కి తగ్గవు, రాత్రి సోలారూ ఉండదు, గాలికి దాహం అసలే ఉండదు. కాబట్టి ఇక్కడ మే టమాటా మాట మర్చిపోవాలి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా టమాటా, క్యాప్సికం తీసుకుని, వేసవిలో నారు, పూలమొక్కలు, తోటకూర, బచ్చలి లాంటి వేడికి ఓర్చేవి పెట్టుకుంటే పాలీహౌస్ ఏడాదంతా ఖాళీగా ఉండదు. కడియం నర్సరీల వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నది చూడండి, నెట్ నీడ, పక్కలు బార్లా, మొక్కకి తగిన నీళ్ళు. కొబ్బరి కింద కోకో పెంచే మన రైతు కూడా ఇదే శాస్త్రం పాటిస్తున్నాడు, కప్పు మాత్రం ఆకులది. ఖరీదు తక్కువ పద్ధతులకి విలువ లేదనుకోకండి, తెలంగాణలో మొదలైన ఖేతీ అనే సంస్థ చిన్న రైతుల కోసం చేసిన చవక గ్రీన్‌హౌస్‌కి 2022లో ఎర్త్‌షాట్ అనే అంతర్జాతీయ పర్యావరణ బహుమతి వచ్చింది.

లెట్యూస్ లాంటి ఖరీదైన సలాడ్ ఆకుకూరలే పండించాలని పట్టుబట్టినవాళ్ళకి ఒక దారి ఉంది: గాలిని వదిలేసి వేళ్ళని చల్లబరచడం. మనలాగే ఉక్కపోతలో ఉండే సింగపూర్‌లో దీన్ని చేసి చూపించారు. వేళ్ళు తగిలే నీటిని 20 డిగ్రీల దగ్గర ఉంచితే పైన గాలి 33 ఉన్నా మొక్క తట్టుకుంటుంది. వెయ్యి లీటర్ల నీటిని 10 డిగ్రీలు దించడానికి పట్టే కరెంటు సుమారు 4 యూనిట్లు, పగటి ఎండతోనే చిల్లర్ (నీళ్ళని చల్లబరిచే యంత్రం) నడిపి, వేడి సోకకుండా మందపాటి పొర చుట్టిన ట్యాంకులో నిలవ చేసుకుంటే రాత్రికీ వాడుకోవచ్చు. బ్యాటరీ కంటే చల్లనీళ్ళ ట్యాంకు చవక.

ఇంకొకటి నన్ను బాగా ఆకట్టుకున్నది, ఇంకా పరిశోధనల్లోనే ఉంది. వానాకాలం జాడీలో గల్లుప్పు చెమర్చడం చూస్తాం కదా, గాలిలో తేమని పీల్చుకుని. ఉప్పుమళ్ళల్లో ఉప్పు తీశాక మిగిలే చేదునీళ్ళలో ఉండే మెగ్నీషియం క్లోరైడుకి ఈ గుణం ఇంకా ఎక్కువ. ఆ నీళ్ళతో ముందు గాలిని ఆరబెట్టి, అంటే దాహం పుట్టించి, తర్వాత ప్యాడ్ గుండా పంపితే ఉక్కపోత ఊళ్ళల్లో కూడా ప్యాడ్ పనిచేస్తుంది. పల్చబడ్డ చేదునీళ్ళని మళ్ళీ ఎండలోనే చిక్కబరుచుకోవచ్చు. ఇది చేలోకి వస్తే మన తీరానికి చాలా ఉపయోగం.

మా బావమరిది కిందటి వేసవి థర్మామీటర్లు వేలాడదీశాడు. ఏప్రిల్, మే కలిపి రాసిన 54 రోజుల్లో తేడా 10 దాటినవి 9, 6 లోపున్నవి 31. ప్యాడ్ గోడ కొటేషన్‌లోంచి కొట్టించేశాడు. ఆ డబ్బుతో కప్పు మీటరు ఎత్తు పెంచి, బయటి నెట్‌కి రోలర్ పెట్టించి, రెండు ఫ్యాన్లు సోలార్ మీద నడిపేలా ఒప్పందం చేసుకున్నాడు. ఈ వేసవికి అందులో మిరప, వంగ నారు పోస్తున్నాడు.